విరిగిన స్టిక్‌కి ఇంకా ఐదు వాయిదాలు

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: “నాకు 27 ఏళ్లు. ఏడాదికోసారి రెన్యూ అయ్యే కాంట్రాక్టు ఉద్యోగం. వారాంతాల్లో టర్ఫ్ మీద, అది దొరక్కపోతే మట్టి గ్రౌండ్‌లో హాకీ ఆడతాను, మిడ్‌ఫీల్డ్. 95 శాతం కార్బన్ స్టిక్ ఒకటి 12 వాయిదాల్లో కొన్నాను, ఏడో నెలలో విరిగిపోయింది. ఈసారి ఇంకా తేలిగ్గా ఉండి ఎక్కువ కాలం మన్నేది కావాలి. ఒక లోన్ యాప్ వెంటనే డబ్బిస్తానంటోంది, తీసుకోనా? చేతిలో ఉన్న పొదుపు ఒక నెల ఖర్చుకు కూడా సరిపోదు.”

వద్దు. ముందు ఆ యాప్ ఫోన్‌లోంచి తీసేసి రండి, మిగతాది తర్వాత చదువుదురుగాని.

ఆట సామాను గురించి నేను మామూలుగా రాయను. దీనికి రాస్తున్నది ఎందుకంటే ఫోన్ల విషయంలో, బైకుల విషయంలో నా దగ్గరికొచ్చేవాళ్లు చేసే తప్పే ఇది కూడా. అరిగి, విరిగి పోయే వస్తువుని ఆస్తిలా చూసుకుని అప్పు మీద కొనేస్తారు. మీ స్టిక్ రెండు ముక్కలై మూలన పడుంది, నెల మొదట్లో డబ్బు మాత్రం ఠంచనుగా కట్ అవుతోంది. ఇప్పుడు ఇంకో అప్పు నెత్తికెత్తుకుంటే ఆడేది ఒక స్టిక్‌తో, కట్టేది రెండింటికి. పైగా కాంట్రాక్టు రెన్యూ కాకపోతే ఏమిటన్న ఆలోచన మీ ప్రశ్నలో ఎక్కడా కనబడలేదు, నాకు ఒళ్లు మండింది అక్కడే.

సరే, స్టిక్ సంగతి చూద్దాం. నేనూ ఒకప్పుడు లెఫ్ట్ హాఫ్ ఆడినవాణ్ణే. కార్బన్ శాతం పెరిగే కొద్దీ స్టిక్ బిర్రుగా ఉంటుంది, హిట్‌కి పవర్ వస్తుంది, నిజమే. కానీ బంతి ఆపేటప్పుడు అదే బిర్రుతనం వల్ల బంతి ఎగిరి అవతల పడుతుంది, ట్యాకిల్‌లో ఎవరి స్టిక్కో అడ్డంగా తగిలితే వంగి సర్దుకునే గుణం తక్కువ కాబట్టి పగులు వస్తుంది. రోజంతా బంతి అందుకుని పంచిపెట్టే మిడ్‌ఫీల్డర్‌కి 95 శాతం ఎందుకో నాకైతే అర్థం కాలేదు. మీకు 30 నుంచి 50 శాతం కార్బన్, మిగతాది ఫైబర్‌గ్లాస్, కాస్త అరామిడ్ (దెబ్బను పీల్చుకునే గట్టి పోగు) కలిస్తే ఇంకా మంచిది, దెబ్బకి చేతిలో జిల్లుమనడం తగ్గుతుంది. ధర కూడా దిగుతుంది, మీకు కావలసింది ముఖ్యంగా అదే.

తేలిక గురించి ఒక మాట. నిబంధనల ప్రకారం స్టిక్ 737 గ్రాములు దాటకూడదు, ఇప్పుడొచ్చే కాంపోజిట్ స్టిక్‌లన్నీ దానికి చాలా కిందే ఉంటాయి. 530, 550 గ్రాముల మధ్య ఉన్నది మీకు చాలు, ఇంకో 20 గ్రాములు తగ్గించుకోడానికి అప్పు చేయడం ఏం తెలివి? తూకం కంటే బ్యాలెన్స్ ముఖ్యం, తలవైపు బరువు ఎక్కువుంటే 530 గ్రాములదైనా చేతికి బరువే అనిపిస్తుంది, కాబట్టి ఊపి చూడకుండా కొనకండి. తేలిగ్గా ఉంది కదా అని ఇండోర్ స్టిక్ మాత్రం ఎత్తుకు రావద్దు, అక్కడ ఆటలో హిట్ ఉండదు, పుష్‌లే, అందుకే దాన్ని సన్నగా చేస్తారు. బయట నాలుగు హిట్లకే ప్రాణం పోతుంది.

మట్టి మీద, ఇసుక టర్ఫ్ మీద ముందు అరిగేది తల కింది అంచు, రివర్స్ హిట్లు (స్టిక్ తిప్పి అంచుతో కొట్టేవి) ఎక్కువ కొట్టేవాళ్లకి ఇంకా తొందరగా. ఆట అయ్యాక అక్కడ వేలితో తడిమి చూడండి. రంగు పోయి నూలు పోగుల్లాంటివి గుచ్చుకుంటుంటే టేప్ వేసే టైమొచ్చినట్టే. నేలకేసి మెల్లగా తడితే టక్కుమనాలి, బొంగురుగా మోగితే లోపల పగిలిందేమో అనుమానించాలి. ఎండలో కారు డిక్కీలో వదిలేసే అలవాటుంటే మానుకోండి, వేడికి పోగుల్ని పట్టి ఉంచే రెసిన్ దెబ్బతింటుంది. వారంటీ చూసి మురిసిపోకండి, అది సాధారణంగా తయారీ లోపానికే, అరుగుదలకి రాదు.

ఇక నా పాత పాట. అత్యవసర నిధి ఎక్కడ? నెల జీతం ఖాయంగా పడేవాళ్లకే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను, మీలాంటి కాంట్రాక్టు ఉద్యోగికి తొమ్మిది నెలలంటాను, మీ దగ్గర ముప్పై రోజులకి కూడా లేదు. స్టిక్ విరిగితేనే అప్పు గుర్తొచ్చిందంటే, రేపు మోకాలు విరిగితే ఏం చేస్తారు? అందుకని మిగిలిన ఐదు వాయిదాలు తప్పకుండా కట్టేయండి, ముందే తీర్చేస్తే ఫీజు లేదంటే వీలైనప్పుడు తీర్చేయండి, కానీ ఉన్న కాస్త పొదుపు ఊడ్చి మాత్రం కాదు. ఆ వాయిదా ఆగిన నెల నుంచి అదే మొత్తం మీ జీతం ఖాతాలో మిగలకుండా వేరే ఖాతాకి ఆటోమేటిగ్గా వెళ్లిపోవాలి. అందులో మూడు వంతులు అత్యవసర నిధికి, ఒక వంతు స్టిక్‌కి. ఆ ఒక వంతు పెరిగి సరిపోయిన రోజు నగదు పెట్టి కొనుక్కోండి, వడ్డీ లేని వాయిదాలంటూ ఎవరైనా ఆపినా వినకండి, నగదుకిచ్చే తగ్గింపు అందులో మాయమవుతుంది.

బంతి 160 గ్రాముల రాయిలాంటిది కాబట్టి మౌత్‌గార్డ్ పెట్టుకోండి, ప్రమాద బీమా పాలసీలో ఆటల్లో తగిలే దెబ్బలకు మినహాయింపు ఉందేమో ఒకసారి చూసుకోండి. సెకండ్ హ్యాండ్ స్టిక్ అయితే పైన చెప్పినట్టు తట్టి చూశాకే.

ఈలోగా ఆట మానక్కర్లేదు. మీ టీమ్‌లో డ్రాగ్ ఫ్లిక్ (పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరే షాట్) కొట్టే అతన్ని అడగండి, బ్యాగులో రెండో స్టిక్ లేని డ్రాగ్ ఫ్లికర్‌ని నేనింతవరకు చూడలేదు.