దేశ సంక్షేమపు లెక్కలో అడవి పందికి చోటుందా?

ఒక దేశంలోని గాలి, నీరు, అడవి ఎలా ఉన్నాయన్నది ఆ దేశ ప్రజల బాగోగుల లెక్కలో కలపవచ్చా, కలిపితే ఎలా కొలుస్తారని అడిగారు. నేను ఆర్థికవేత్తను కాను. మొక్కజొన్న పండించే ఇంట్లో పుట్టి, పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ని. 2023 అక్టోబరులో వారం రోజులు భూటాన్‌లో ఉండి వచ్చాను. ఆ రెండు అనుభవాలతోనే జవాబు రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. తెలంగాణలో గుట్టల పక్కన మా ఊరు. ఒక ఎండాకాలం మా నాన్న నాలుగో బోరు వేయించారు. బండివాడికి ఇచ్చిన డబ్బు, కేసింగ్ పైపులు, కొత్త మోటారు, అన్నీ దేశ జీడీపీలో కలిసే ఉంటాయి. అంటే ఆ ఏడాది మేము దేశాభివృద్ధికి గట్టిగానే తోడ్పడ్డాం! నేల కింద నీళ్లు ఎంత లోతుకు దిగిపోయాయో మాత్రం ఆ పద్దులో ఎవరూ తీసివేయలేదు. జాతీయాదాయం లెక్కకు ఒక రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ కూడా, ఆ అంకెను బట్టి జాతి సంక్షేమాన్ని తేల్చలేమని 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు.

ఇక భూటాన్. మన దేశం నుంచి వెళ్లేవాళ్లు రాత్రికి 1,200 రూపాయల చొప్పున అక్కడి ప్రభుత్వానికి రుసుము కట్టాలి. గొణుక్కుంటూనే కట్టాను. పునాఖా లోయలో ఒక రైతు ఇంట్లో దిగాం. రాత్రి భోజనాలు కాగానే ఆయన టార్చి, ఒక రేకు డబ్బా పట్టుకొని బయలుదేరాడు. ఎక్కడికని హిందీలో అడిగితే, వరి కోతకు వచ్చింది, పందులు దిగుతాయి, పొలంలో గుడిసె ఉంది, అక్కడే పడుకుంటానన్నాడు. నాకు మా మంచె గుర్తొచ్చింది. దేశంలో కనీసం 60 శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 నాటి వాళ్ల రాజ్యాంగంలో ఉంది. ఇప్పుడు దాదాపు 70 శాతం ఉంది. ఆకాశం నుంచి చూస్తే నూటికి నూరు మార్కులు వేయాల్సిన దేశం. ఆ అడవి అంచున ఈయన నిద్ర మానుకొని డబ్బా వాయిస్తున్నాడు.

తిరిగి వచ్చాక, ప్రజల బాగోగులను కొలవడానికి భూటాన్ వాడే ‘స్థూల జాతీయ ఆనంద సూచీ’ని ఎలా కడతారో చదివాను. మొత్తం తొమ్మిది రంగాలు, 33 సూచికలు. 2022లో 11 వేల మందికి పైగా జనాన్ని కలిసి ప్రశ్నలడిగారు. తొమ్మిదింటిలో పర్యావరణం ఒకటి. మొత్తం లెక్కలో ఆరోగ్యానికి, చదువుకు ఎంత బరువు ఇస్తారో దీనికీ అంతే. అందులో అడవి ఎన్ని ఎకరాలన్నదే పెద్ద ప్రశ్నగా ఉంటుందనుకున్నాను. కాదు. పల్లెవాసిని అడిగేది, అడవి జంతువుల వల్ల నీ పంటకు ఎంత నష్టం జరిగిందని! పట్టణవాసినైతే ట్రాఫిక్, పచ్చని చోట్లు, నడవడానికి దారుల గురించి అడుగుతారు. పర్యావరణానికి కేటాయించిన బరువులో ఎక్కువ భాగం ఈ రెండింటిదే. అడవి పెరిగితే దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో కూడా లెక్కలోకి రావాలన్న ఈ ఆలోచన నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ దేశంలో నాకు బాగా నచ్చింది ఇదే, కొండలు కాదు.

బయట నుంచి వేసే ర్యాంకులు వేరే రకం. అమెరికాలోని యేల్, కొలంబియా విశ్వవిద్యాలయాలు తయారుచేసే పర్యావరణ పనితీరు సూచీలో 2022లో మన దేశం 180 దేశాల్లో 180వది. కొలిచిన పద్ధతే సరిగా లేదని మన ప్రభుత్వం తోసిపుచ్చింది. 2024లో 176 అయింది. ఈ రెండేళ్లలో మా ఊళ్లో ఏం మారిందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను.

అలాగని జనాన్ని అడిగితే చాలదు. నల్గొండ పల్లెల్లో ఎన్నో ఏళ్లు తేటగా కనిపించే నీళ్లే తాగారు. పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయాయి. ఫ్లోరైడ్ నాలుకకు తెలియదు, దానికి పరీక్ష కావాల్సిందే. అందుకే నా మటుకు, కంటికి కనబడని వాటికి పరికరం, బతుకులో తగిలేవాటికి ప్రశ్నాపత్రం, రెండూ ఉండాలంటాను. మన కేంద్ర గణాంకాల శాఖ కూడా 2018 నుంచి పర్యావరణ లెక్కల సంపుటాలు వేస్తోంది, ఆసక్తి ఉంటే తిరగేయండి.

పునాఖాలో మరునాడు పొద్దున ఆ రైతు కళ్లు ఎర్రగా ఉన్నాయి. మీ దగ్గర పందులను ఎలా ఆపుతారని అడిగాడు. చేను చుట్టూ పాత చీరలు కడతామన్నాను. నవ్వి, ఏ రంగువి అన్నాడు. నాకేం తెలుసు? అప్పటికప్పుడు మా నాన్నకు ఫోను చేశాను. ఏదైనా ఫరవాలేదు, మనుషులు కట్టి విడిచినదైతే వాసనకు దగ్గరికి రావన్నారు. ఆ మాట చెప్పగానే రైతు లోపలికి వెళ్లి భార్యతో ఏదో మాట్లాడాడు. ఆవిడ గట్టిగానే జవాబిచ్చింది, భాష తెలియకపోయినా అర్థమైంది.