జోహన్నెస్‌బర్గ్ నుంచి వారాంతానికి క్రూగర్ వెళ్లాలా, పిలానెస్‌బర్గ్ వెళ్లాలా?

మూడు కుటుంబాలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, బడి పిల్లలు కలిసి శుక్రవారం బయల్దేరి ఆదివారం రాత్రికి జోహన్నెస్‌బర్గ్ తిరిగి రావాలి, దక్షిణాఫ్రికాలోని క్రూగర్, పిలానెస్‌బర్గ్‌లలో ఏ గేమ్ రిజర్వ్, అంటే అడవి జంతువులను చూసే అభయారణ్యం, బాగుంటుంది అని ఒకరు అడిగారు. రెండు రోజులే ఉంటే పిలానెస్‌బర్గే. ఇలాంటి గుంపుతోనే మేం రెండు చోట్లకీ వెళ్లాం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్రూగర్ గొప్పదే, కాదనను. కానీ దాని గేటు చేరడానికే నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది. పైగా అది మలేరియా ఉన్న ప్రాంతం, పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ ముందుగా డాక్టర్‌ను అడిగి మందులు చూసుకోవాలి. పిలానెస్‌బర్గ్ రెండున్నర గంటల దూరం, మలేరియా బెడద లేదు. సన్ సిటీ అనే పెద్ద రిసార్టు పక్కనే ఉంది కాబట్టి అదేదో జూ లాంటిదని చాలామంది అనుకుంటారు. 550 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి అది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన అగ్నిపర్వతం అరిగిపోగా మిగిలిన కొండలు వలయాలుగా నిలబడి ఉంటాయి. బిగ్ ఫైవ్ అంటారే, సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న, ఆ అయిదూ అక్కడున్నాయి.

అయితే ఆ అయిదింటి లెక్క పెట్టుకుని వెళ్లొద్దు. నా అనుభవంలో ఇలాంటి ప్రయాణాన్ని పాడుచేసేది అదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కార్లో తిరుగుతూ సింహం కోసం వెతికితే పిల్లలు విసుగెత్తి ఏడుస్తారు, పెద్దవాళ్లకు నడుములు పట్టేస్తాయి. మాకు సింహం కనిపించింది, కనిపించిందంటే ఎండుగడ్డిలో రెండు చెవులు. అదే రోజు మాంక్వే డ్యామ్ దగ్గరున్న హైడ్‌లో, అంటే నీటి ఒడ్డున కట్టిన చెక్క గదిలో, చాలాసేపు కూర్చున్నాం. మొదట ఏమీ లేదు. తర్వాత నీళ్లలో బండరాళ్లనుకున్నవి ఊపిరి వదిలాయి, హిప్పోలు! ఆవలి ఒడ్డుకు ఏనుగుల గుంపు దిగింది, గున్నలు తల్లుల కాళ్ల మధ్య నుంచి తొండాలు చాచి నీళ్లు తాగాయి. మోకాళ్ల నొప్పితో ఉన్న మా అమ్మ బల్ల మీద కదలకుండా కూర్చుని అవన్నీ చూసింది. పిల్లలు గుసగుసగా తప్ప మాట్లాడలేదు. అందుకే చెబుతున్నాను, తిరగడం తగ్గించి నీటి దగ్గర కూర్చోండి. మే నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ వానలు పెద్దగా లేని చలికాలం, గడ్డి ఎండిపోయి, నీళ్లు కొన్నిచోట్లే మిగులుతాయి కాబట్టి జంతువులే మీ దగ్గరికి వస్తాయి. కాకపోతే ఆ నెలల్లో తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లకు శాలువాలు, పిల్లలకు టోపీలు మరవొద్దు. నవంబర్, డిసెంబర్‌లలో వెళ్తే పచ్చదనం, అప్పుడే పుట్టిన ఇంపాలా జింకల పిల్లలు, రకరకాల పక్షులు కనిపిస్తాయి, పొదలు దట్టంగా ఉండి పెద్ద జంతువులు మాత్రం దొరకడం కష్టం.

దారిలో పిల్లలకు చెప్పడానికి ఒక నిజం కథ ఉంది, పెద్దవాళ్లూ ఇష్టంగా వింటారు. 1979లో పిలానెస్‌బర్గ్ రిజర్వ్ తెరిచినప్పుడు అక్కడ పెద్ద జంతువులు దాదాపు లేవు. ఆపరేషన్ జెనెసిస్ పేరుతో దాదాపు ఆరు వేల జంతువులను వేరేచోట్ల నుంచి తెచ్చి వదిలారు. అలా వచ్చిన ఏనుగుల్లో క్రూగర్ నుంచి తెచ్చిన, తల్లీతండ్రీ లేని గున్నలున్నాయి. అదుపు చేసే పెద్ద మగ ఏనుగులు లేకుండా పెరిగిన ఆ కుర్ర మగవి తొందరగా మదమెక్కి, 1990లలో నలభైకి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపేశాయి. 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగులను తీసుకొచ్చి వదిలారు. వాటి ముందు కుర్రవాటి మదం అణిగిపోయింది, చంపడం ఆగింది. ఇది విన్నాక మా నాన్న ప్రతి ఏనుగునూ వయసెంత ఉంటుందా అని చూడటం మొదలుపెట్టారు.

కథతో పాటు జాగ్రత్త కూడా చెప్పాలి. ఒంటరి మగ ఏనుగు రోడ్డు మీద కనిపించి, కణతల నుంచి మదజలం కారుతుంటే దగ్గరికి పోవద్దు. కారు దూరంగా ఆపి, మెల్లగా వెనక్కి తీసుకునే చోటు ఉంచుకోండి. వెనక కారులో ఉన్న మీవాళ్లు అంటుకుని ఆగితే ఆ చోటు ఉండదు, కాబట్టి ఈ మాట శుక్రవారమే డ్రైవర్లందరికీ చెప్పండి. లోపల వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. అనుమతి ఉన్న చోట తప్ప కారు దిగకూడదు, కిటికీలోంచి పిల్లలు వాలకూడదు. కాబట్టి బాత్రూమ్ సంగతి ముందే ఆలోచించాలి. గేటు దగ్గర అందరినీ పంపి, మళ్లీ మధ్యలో ఉన్న పిలానెస్‌బర్గ్ సెంటర్‌లో ఆగండి. రెండు మూడు కార్లు విడిపోయినా ఫలానా గంటకు అక్కడ కలుద్దామని అనుకుంటే ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడక్కర్లేదు. ఆ సెంటర్ ముందరే నీటి గుంట ఉంది, తింటూ కూడా జంతువులను చూడొచ్చు.

మామూలు కారు సరిపోతుంది, జీపు అద్దెకు తీసుకోనక్కర్లేదు. కానీ శనివారం ఒక్కపూటైనా గైడ్ నడిపే ఓపెన్ బండి ఎక్కండి. ఎత్తు మీద కూర్చుంటాం, గైడ్లు ఎక్కడ ఏముందో రేడియోలో చెప్పుకుంటారు, గేటు మూసేశాక కూడా ఆ బండ్లకు తిరిగే వీలుంటుంది. మరీ చిన్నపిల్లలను కొన్నిచోట్ల ఎక్కనివ్వరు, బుక్ చేసేటప్పుడే వయసులు చెప్పి అడగండి. ఎవరో ఒకరు చిన్నవాళ్లతో బసలో ఉండాల్సి వస్తే రెండోపూట వాళ్లను పంపండి, ఒకే తల్లి రెండు పూటలూ ఆగిపోకుండా చూసుకోండి.

ఆదివారం తెల్లవారగానే గేటు తెరిచే వేళకు లోపల ఉండి, మధ్యాహ్నానికి బయటపడండి. చీకటి పడ్డాక దారిలోని ఊళ్ల రోడ్ల మీద పశువులు అడ్డొస్తాయి, అలసిన డ్రైవర్‌తో పిల్లలున్న కారు ఆ వేళకు ఆ దారిలో ఉండకూడదు. గేటు వేళలు నెలను బట్టి మారతాయి, బయల్దేరే ముందు చూసుకోండి. బడి సెలవుల వారాంతమైతే బస ఇప్పుడే బుక్ చేయండి, మూడు కుటుంబాలకు పక్కపక్కన గదులు చివర్లో దొరకవు.