సెయింట్ లూయిస్ దగ్గర ఆపకు

నాయనా,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠకుడిలా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. అమెరికా సైన్యంలో ఒకప్పుడు సైకిలు దళం ఉండేదని, అందులో ఉన్నవాళ్లంతా 25వ పదాతిదళానికి చెందిన నల్లజాతి సిపాయిలని మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. నువ్వు పట్టుకున్నది మంచి వస్తువు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

1897 జూన్ 14న మోంటానాలోని ఫోర్ట్ మిసౌలా నుంచి ఇరవైమంది బయల్దేరడంతో నీ కథ మొదలైంది. నలభై ఒక్క రోజుల్లో దాదాపు 1,900 మైళ్లు దాటి జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. వేలమంది జనం చుట్టుముట్టారు. ఆ చప్పట్ల మధ్య సార్జెంట్ మింగో సాండర్స్ కళ్లు చెమర్చాయని రాసి ముగించావు. అక్కడే నాకు నీతో పేచీ. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు దారి గురించి.

నీ సిపాయిలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సైకిళ్లు తొక్కుతూనే ఉన్నారు. నిజంగా వాళ్లు తోసిన మైళ్లు ఎన్నో. వానపడితే ఆ ప్రాంతపు బంకమట్టి చక్రానికి పట్టుకుని తిరగనివ్వదు. నాలుగడుగులు వేయడం, ఆగి గీకడం, మళ్లీ నాలుగడుగులు. నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లోకి వచ్చాక ఆ ఇసుకలో తొక్కలేక రైలు పట్టాల మీదికెక్కి స్లీపర్ల మీద నడిచారు. అక్కడి నీళ్లు చవిటి నీళ్లు. తాగినవాళ్లు జబ్బుపడ్డారు. దళాన్ని నడిపిస్తున్న లెఫ్టినెంట్ జేమ్స్ మాస్‌నే ఆ నీళ్లు పడగొట్టాయి.

చిన్నప్పుడు పెన్న ఇసుకలో బియ్యం మూట వేసిన సైకిలు తోసినవాణ్ణి నేను. ముందు చక్రం కూరుకుపోగానే హ్యాండిల్ మన మీదికి తిరిగి డొక్కలో పొడుస్తుంది. వెనక్కి లాగబోతే పెడల్ వచ్చి పిక్కకు తగులుతుంది. సాయంత్రానికి రెండు కాళ్లలో ఒక కాలికే దెబ్బలుంటాయి, ఎప్పుడూ ఒకే పక్క నిలబడి తోస్తాం కాబట్టి. సాండర్స్ తోసింది సామాను కట్టాక 59 పౌన్లు, అంటే సుమారు 27 కిలోలు తూగిన సైకిలు. దుప్పటి, గుడారం గుడ్డ హ్యాండిల్ ముందు కట్టుకున్నారు. తిండి సామాను ఫ్రేము మధ్య పెట్టెలో. తుపాకి వీపున. ఈ బరువు నీ కథలో ఎక్కడా లేదు. బరువు లేకపోతే ఆ నలభై ఒక్క రోజులూ విహారయాత్రలా కనిపిస్తాయి.

ఇంకొకటి. ఆ ఇరవైమందిలో సాండర్సే పెద్దవాడు, ముప్పై తొమ్మిదేళ్లు. ఏదో పేలుడులో చూపు కొంత దెబ్బతిన్నవాడు. సౌత్ కరోలినా నుంచి 1881లో సైన్యంలో చేరాడు. అంటే సైకిలెక్కేనాటికే పదహారేళ్ల నౌకరీ. కుర్రాళ్లు ఎలా తొక్కుతారో రాశావు. ఆ వయసువాడు పొద్దున్నే ఎలా లేస్తాడో రాయి.

ఇక పేచీ సంగతి.

ఆ యాత్ర గురించి మనకు తెలిసినదంతా ఎవరు రాసి పెట్టారో ఆలోచించావా? తెల్ల లెఫ్టినెంట్ మాస్ నివేదికలు, వాళ్లతోపాటు సైకిలు మీద వెళ్లిన మిసౌలా విలేకరి ఎడ్వర్డ్ బూస్ వార్తలు. సాండర్స్ వాటిలో కనిపిస్తాడు గానీ మాట్లాడడు. అతని గొంతు మనకు బాగా వినపడేది పదేళ్ల తర్వాత సెనేట్ కమిటీ ముందు, ప్రమాణం చేయించి ప్రశ్నలు వేస్తుంటే. అతను అక్కడికి ఎలా వెళ్లాడన్నదే అసలు కథ. నువ్వు దాని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగావు.

సెయింట్ లూయిస్ తర్వాత ఏడాది తిరక్కుండానే స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. సైకిళ్లు మూలపడ్డాయి. 1898 జూలై 1న క్యూబాలో ఎల్ కానే దగ్గర 25వ దళం పోరాడింది. సాండర్స్ అక్కడున్నాడు. తర్వాత ఫిలిప్పీన్స్‌లో కూడా. క్యూబాలో థియోడర్ రూజ్‌వెల్ట్ తన మనుషులు ఆకలితో ఉన్నారంటూ వచ్చి గట్టి బిస్కట్లు అడిగాడని, తమ కంపెనీ పంచి ఇచ్చిందని సాండర్స్ తర్వాత చెప్పుకున్నాడు. అది మామూలు బిస్కట్ కాదని నీకు తెలుసు. పిండి, నీళ్లు కలిపి రాయిలా కాల్చినది, కాఫీలో నానబెడితే గానీ పంటికి లొంగనిది. ఆకలి మీద ఉన్న సైనికుడు తన వాటాలోంచి దాన్ని విరిచి ఇంకొకడికి ఇవ్వడం నువ్వు ఒక పేజీ నిండా రాయాల్సిన దృశ్యం.

ఎందుకంటే ఎనిమిదేళ్ల తర్వాత ఆ రూజ్‌వెల్టే అధ్యక్షుడు. 1906 ఆగస్టు 13 అర్ధరాత్రి టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ ఊళ్లో కాల్పులు జరిగాయి. ఒకడు చనిపోయాడు, ఒక పోలీసు అధికారి చెయ్యి పోయింది. పక్కనే ఫోర్ట్ బ్రౌన్‌లో 25వ దళం మూడు కంపెనీలు దిగి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఊరు వాళ్లనే వేలెత్తి చూపింది. ఆ రాత్రి సిపాయిలు బారక్కుల్లోనే ఉన్నారని వాళ్ల తెల్ల అధికారులు చెప్పారు. కోర్టులో విచారణ జరగలేదు. దోషులెవరో తోటివాళ్లు చెప్పడం లేదు కాబట్టి అందరినీ తీసేస్తున్నామన్నారు. 167 మంది. అందులో బి కంపెనీ ఫస్ట్ సార్జెంట్ మింగో సాండర్స్ ఒకడు. పాతికేళ్లు దాటిన నౌకరీ, పింఛనుకు ఇంక రెండేళ్లు కూడా లేవు. మేరీ చర్చ్ టెరెల్ అనే నల్లజాతి నాయకురాలు యుద్ధ మంత్రి టాఫ్ట్ దగ్గరికి వెళ్లి వేడుకుంటే ఉత్తర్వు కొన్నాళ్లు ఆగింది. అధ్యక్షుడు ఆపనివ్వలేదు.

ఇక్కడ నీకు కోపం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ రూజ్‌వెల్ట్‌ని దుర్మార్గుడిగా చిత్రించడానికి పేజీలు ఖర్చుపెట్టకు. సాండర్స్ ఇంటికి వెళ్లు. పింఛను పోవడం ఎలా ఉంటుందో రాయి.

మా నాన్న సర్వీసు రిజిస్టరులో ఒక కాయితం కనపడలేదని ఆయన పింఛను పదకొండు నెలలు ఆగింది. ఆఫీసు పేరు ఇప్పుడెందుకు. రోజూ మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చే వేళకి నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని వాకిట్లో కూర్చునేవాడు. బనీనుతో ఉత్తర్వు అందుకోకూడదని. పోస్టుమాన్ మా గుమ్మం దాటి వెళ్లిపోయాక లోపలికొచ్చి చొక్కా విప్పి, మడత చెడకుండా దండెం మీద వేసేవాడు. మర్నాడు మళ్లీ అదే చొక్కా. మా నాన్నది పదకొండు నెలలకు వచ్చింది. సాండర్స్‌ది రాలేదు.

అతను మళ్లీ చేర్చుకోమని అడిగాడు. ఒకప్పుడు ఆ దళాన్ని నడిపిన ఆండ్రూ బర్ట్ లాంటి అధికారి అతని నిజాయితీ గురించి గట్టిగా చెప్పాడు. ఒహాయో సెనేటర్ జోసెఫ్ ఫోరేకర్ ఇందాక చెప్పిన ఆ సెనేట్ కమిటీలో సిపాయిల పక్షాన పోరాడాడు. చివరికి మళ్లీ చేరడానికి పద్నాలుగు మందికి అర్హత దక్కింది. అందులో సాండర్స్ లేడు. తర్వాత వాషింగ్టన్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో బంట్రోతు ఉద్యోగం దొరికింది. కంపెనీని వరసలో నిలబెట్టి హాజరు పిలిచిన మనిషి ఒక గది నుంచి ఇంకో గదికి కాయితాలు మోశాడు. 1929లో పోయాడు.

1972లో సైన్యం ఆ ఉత్తర్వును దిద్ది అందరికీ గౌరవ విడుదల రాసింది. అప్పటికి బతికి ఉన్నట్టు తేలినవాడు డోర్సీ విల్లిస్. మినియాపొలిస్‌లో ఒక మంగలి షాపులో దశాబ్దాలపాటు బూట్లు పాలిష్ చేసిన ముసలాయన. ఆయనకు 25,000 డాలర్లు ఇచ్చారు. ఈ సంగతి తెలియగానే దాన్ని నీ కథకి ముగింపు చేసుకోవాలనిపిస్తుంది. వద్దు. అది సాండర్స్‌కి తెలియదు. చనిపోయినవాడికి నలభైమూడేళ్ల తర్వాత వచ్చిన కబురుతో పాఠకుణ్ణి ఊరడించి పంపకు. విల్లిస్ కథ రాయాలనుంటే విడిగా రాయి, అది దాని కాళ్ల మీద నిలబడగలదు.

ఆ చెమర్చిన కళ్లు కొట్టెయ్. అతను ఏడ్చాడని మనకెవరూ చెప్పలేదు. కానీ సెయింట్ లూయిస్ పేజీ చింపకు, జనాన్ని బాగా చూపించావు. దాన్ని మధ్యలోకి జరుపు. బంట్రోతు ఉద్యోగంలో ఒక మధ్యాహ్నం, చేతిలో ఎవరివో ఫైళ్లు, కింద వీధిలో సైకిలు బెల్లు వినపడిందనుకో. అక్కడ పెట్టి చూడు. కుదరకపోతే ఇంకోచోట.

రెండో ప్రతి దసరా లోపు పంపు. ఈసారి పేజీకి ఒకవైపే రాయి, నేను పక్కన రాసుకోవడానికి చోటుండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు