ఒకే స్క్వేరు, ఐదుగురు రచయిత్రులు

అమ్మలూ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన రెండు అధ్యాయాలూ అందాయి. చదువుకోవడానికి లండన్ వెళ్లి, అసైన్‌మెంట్ల టెన్షన్ మధ్య, ఒకప్పుడు అక్కడి ఒకే స్క్వేర్‌లో అద్దెకున్న ఐదుగురు రచయిత్రుల మీద తెలుగులో పుస్తకం మొదలుపెట్టావంటే నాకు సంతోషమే. హాస్టల్ కూడా ఆ మెక్లెన్‌బర్గ్ స్క్వేర్‌లోనే, మధ్యలో తోట, చుట్టూ ఇళ్ల వరసలు ఉన్న ఆ చోటే దొరకడం కలిసొచ్చింది. మెచ్చుకోలు ఇక్కడితో ఆపుతాను. లేకపోతే అసలు సంగతి చెప్పలేను.

నీ మొదటి అధ్యాయంలో ఐదుగురూ ఒక జట్టులా కనిపిస్తున్నారు. కవయిత్రి హిల్డా డూలిటిల్, డిటెక్టివ్ నవలల డొరొతీ సేయర్స్, కేంబ్రిడ్జి పండితురాలు జేన్ హారిసన్, చరిత్రకారిణి ఐలీన్ పవర్, నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్ అందరూ సాయంత్రమయ్యేసరికి ఆ తోటలో చేరి కబుర్లు చెప్పుకున్నారేమో అనిపించేలా రాశావు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. హెచ్.డి. పేరుతో కవిత్వం రాసిన డూలిటిల్ మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా వచ్చి 1918లో ఆ ఇల్లు వదిలేసింది. సేయర్స్ 1920 డిసెంబరులో దిగి ఏడాది గడిచాక వెళ్లిపోయింది. హారిసన్ పక్క వీధిలో 1926 నుంచి 1928లో చనిపోయేదాకా ఉంది. వుల్ఫ్ వచ్చింది 1939 ఆగస్టులో. ఒక్క పవర్ మాత్రం 1922 నుంచి 1940 దాకా పాతుకుపోయింది. ఐదుగురూ ఒకేసారి అక్కడున్న రోజు ఒక్కటీ లేదు. పక్కపక్క ఇళ్లలో ఉన్నవాళ్లయినా స్నేహితులైపోవాలని రూలేమీ లేదు కదా, మన అపార్ట్‌మెంట్లలో చూడటం లేదూ! ఆ ‘అక్కాచెల్లెళ్లలా’ అనే మాట ఎక్కడుంటే అక్కడ కొట్టెయ్యి.

వాళ్లను కలిపింది అద్దె గది. చేతిలో ఉన్న డబ్బుకు అందేది, నడిచి వెళ్తే బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ, వేళకు ఇంటికి రాకపోతే నిలదీసే పెద్దవాళ్లు లేరు. సేయర్స్‌నే తీసుకో. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1920 అక్టోబరులో. ఎప్పుడో చదువు ముగించిన సేయర్స్ ఆ మొదటి విడతలో పట్టా అందుకుని, రెండు నెలలకే 44వ నంబరు ఇంట్లో గది తీసుకుంది. ఒంటరిగా, ఎవరి జోక్యమూ లేకుండా ఉండాలనుకునే మనిషిని ఇంటావిడ బాగా అర్థం చేసుకుంటుందని తల్లిదండ్రులకు ఉత్తరం రాసింది. ఆమె డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ పుట్టింది ఆ రోజుల్లోనే. నువ్వు విమ్సీ గురించి రెండు పేజీలు రాసి, ఆ ఇంటావిడను ఒక్క వాక్యంలో దాటేశావు. అది తిరగెయ్యి. డిటెక్టివ్ గురించి ఎవరైనా రాస్తారు.

హెచ్.డి. ఉన్నదీ ఆ 44వ నంబరులోనే. ఇక్కడ నీకో ఉచ్చు ఉంది. ఆమె బృందంలో తిరిగిన జాన్ కోర్నోస్ అనే రచయితనే ఆ తర్వాత సేయర్స్ ప్రేమించి, దెబ్బతింది. ఇద్దరికీ మధ్య తీగ దొరికిందని నీకు ఎగిరి గంతేయాలనిపిస్తుంది. కానీ అతన్ని పట్టుకుని కథ నడిపితే, ఇద్దరు రచయిత్రుల పుస్తకం కాస్తా ఒక మగాడి ప్రేమకథలకు అనుబంధమైపోతుంది. అతనికి ఒక పేరా చాలు. ఇంకోటి. 1917 చివర్లో ఇంగ్లండ్ తీరంలోని కార్న్‌వాల్ నుంచి వెళ్లగొట్టిన నవలాకారుడు డి.హెచ్. లారెన్స్ దంపతులు హెచ్.డి. గదిలోనే తలదాచుకున్నారు. ఆ గదిలో మసిలినవాళ్లు ఆ రోజుల్ని తర్వాత ఎవరి నవలలో వాళ్లు రాసుకున్నారు. హెచ్.డి. నవల అచ్చయింది 1960లో. అందులోని సంభాషణల్ని నిజంగా జరిగినట్టు నీ పుస్తకంలోకి ఎత్తుకురాకు. నవలలో ఇలా ఉంది అని చెప్పి ఊరుకో.

నిజంగా ఇద్దరు ఎదురుపడిన చోటు ఒకటుంది. అక్కడ మాత్రం ఆగు, తొందరపడకు. గ్రీకు మతాన్ని కొత్తగా చదవడం నేర్పిన హారిసన్, రచయిత్రి హోప్ మిర్లీస్‌తో కలిసి ఉంటూ 1928 ఏప్రిల్‌లో చనిపోయింది. అంతకు కొద్దిరోజుల ముందే వుల్ఫ్ వెళ్లి, దిండ్లకు ఆనుకుని ఉన్న ఆ ముసలావిడను చూసొచ్చింది. చావు తర్వాత, వానా గాలీ ఉన్న పూట, ఆ ఇంటి వెనక పాత శ్మశానం దాటుతుంటే మిర్లీస్ ఎదురైంది. ఇదంతా వుల్ఫ్ డైరీలో ఉంది. ఆ అక్టోబరులోనే వుల్ఫ్ కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కాలేజీలకు వెళ్లి ప్రసంగించింది. ఆ ప్రసంగాలే మరుసటి ఏడు ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ అయ్యాయి. అందులో కాలేజీ తోటలో చీకటిపడే వేళ వంగిన ఒక మనిషి నీడ కనిపిస్తుంది, జేన్ హారిసన్ పేరు బదులు జె.హెచ్. అనే పొడి అక్షరాలతో. కేంబ్రిడ్జి ఆడవాళ్లకు పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో. అంటే హారిసన్ పోయిన 20 ఏళ్లకు. ఈ తేదీల్ని వరసగా పెట్టు చాలు, పైన నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికన్నా భయం వేసే విషయం. ఎవరి కాగితాలు ఎక్కువ మిగిలితే పుస్తకం వాళ్లదైపోతుంది. 1940 సెప్టెంబరు బాంబులకు తన 37వ నంబరు ఇల్లు పాడైతే, వుల్ఫ్ వెళ్లి గాజుపెంకుల మధ్య, సున్నం దుమ్ములో వెతికి తన డైరీలు 24 సంపుటాలు బయటికి తెచ్చుకుంది. (ఆ ఇల్లు ఇప్పుడు లేదు. నీ హాస్టల్ కట్టింది ఆ వరసలోనే.) హారిసన్ చూస్తే, 1922లో కేంబ్రిడ్జి వదిలేటప్పుడు తన కాగితాలు తనే తగలబెట్టింది. నీ రెండో అధ్యాయంలో ఆ తేడా అప్పుడే కనిపిస్తోంది. వుల్ఫ్ ఏం తిన్నదీ ఏం తాగినదీ ఉంది, హారిసన్ ఒట్టి పుస్తకాల పేర్ల జాబితాలా ఉంది. ఆమె ఎందుకు తగలబెట్టిందో ఊహించి ఖాళీ పూడ్చకు. అచ్చయిన పుస్తకాల్లో ఆవిడ గొంతు బోలెడు ఉంది, అక్కడ వెతుకు.

దీనికి దారి నీ ఐదుగురిలోనే ఒకరు చూపించారు. పవర్ 1924లో తెచ్చిన ‘మెడీవల్ పీపుల్’ చదివావో లేదో నీ రాతలో తెలియడం లేదు. ఆరుగురు మధ్యయుగపు మనుషుల జీవితాలు అవి. మొదటివాడు బోడో అనే రైతు. వాడు ఒక్క ఉత్తరం రాసినవాడు కాదు. మఠం వాళ్ల భూముల దస్తరంలో వాడి పేరు, పెళ్లాం పేరు, పిల్లల పేర్లు, చెల్లించాల్సిన శిస్తు ఉన్నాయి. అంతే. దాన్నుంచి వాడి ఒక రోజంతా కట్టింది, ఎక్కడ ఊహిస్తోందో దాచకుండా. స్క్వేర్‌లో అందరికన్నా ఎక్కువకాలం ఉన్న ఆమెకు నువ్వు అందరికన్నా తక్కువ పేజీలు ఇచ్చావు! నా లెక్కలో పుస్తకానికి వెన్నెముక ఆవిడే. నవలలు రాయలేదు కాబట్టి రచయిత్రి కాదనుకున్నావేమో.

తెలుగులో ఇలాంటివి లేవని నీ ముందుమాటలో ఉన్న వాక్యం తీసెయ్యి. భండారు అచ్చమాంబ 1901లోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం తెచ్చింది. ఆడవాళ్లకు తెలివి తక్కువనే మాటకు జవాబుగా ఎందరో స్త్రీల జీవితాలు సేకరించి రాసింది. పంథా వేరే, భాషా వేరే, ఉపదేశం పాలు నీకు కాస్త విసుగు పుట్టించవచ్చు. అయినా చదువు.

ముందు పవర్ అధ్యాయం రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం. ఆ ఇళ్లలో వంట ఎవరు చేశారో, బొగ్గు పైకి ఎవరు మోశారో కూడా కనుక్కో. ఉత్తరాల్లో పనిమనుషుల పేర్లు దొరుకుతాయి. ఈసారి అక్షరాలు పెద్దవిగా పెట్టి పంపవే, నా కళ్లజోడు మార్చాలి.

ఆశీస్సులతో,
అత్తయ్య