కొండ దారిలో బడి పిల్లలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలు 42 మందిని ఒకరోజు హైకింగ్‌కి తీసుకెళ్తున్నాం. రానూపోనూ 8 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 450 మీటర్లు. ముగ్గురు టీచర్లం వెళ్తున్నాం. ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి గంట అనుకున్నాం. సరిపోతుందా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

జవాబు: సమయమూ చాలదు, పెద్దవాళ్లూ చాలరండి.

ముందు సమయం సంగతి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఇంకో గంట. మీ దారిలో 8 కిలోమీటర్లకు గంటా 36 నిమిషాలు, 450 మీటర్ల ఎత్తుకు 45 నిమిషాలు, వెరసి 2 గంటల 21 నిమిషాలు. అయితే ఇది అలవాటున్న పెద్దవాళ్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. పిల్లల గుంపుకైతే దీనికి సగం కలపాలి. అంటే మూడున్నర గంటలు. గంటకోసారి పది నిమిషాల విరామం, భోజనానికి 40 నిమిషాలు కూడా వేసుకుంటే 4 గంటల 40 నిమిషాలవుతుంది. మీరు అనుకున్నది మూడు గంటలే.

చీకటి పడటానికి కనీసం రెండు గంటల ముందే చివరి పిల్లవాడు కిందికి చేరాలి. కాబట్టి పొద్దున 8కే నడక మొదలుపెట్టండి. ఎండ ముదిరేలోపు ఎక్కడం అయిపోతుంది. కొండల మీద ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పట్టుకుంటుంది, దాన్నీ తప్పించుకోవచ్చు. బయల్దేరకముందే వెనక్కి తిరిగే సమయం పెట్టుకోండి. మీ దారికి అది 11 గంటలు. ఆ వేళకి శిఖరం ఇంకా వంద మీటర్ల దూరంలో ఉన్నా సరే, తిరిగిపోవాల్సిందే. ఈ మాట పిల్లలకు ముందు రోజే చెప్పండి. కొండ మీద చెబితే బతిమాలతారు, మీరు మెత్తబడతారు. దిగడానికి ఉంచిన సమయాన్ని మాత్రం ఎక్కడానికి వాడేయకండి. పడిపోవడాలు ఎక్కువగా దిగేటప్పుడే జరుగుతాయి. అప్పటికి మోకాళ్లు అలసి ఉంటాయి, గులకరాళ్ల మీద బూటు జారుతుంది.

ఇక పెద్దవాళ్లు. పిల్లల్ని నాలుగు జట్లు చేసి, జట్టుకి ఇద్దరు చొప్పున ఎనిమిది మంది ఉండాలి. ఒకరు చాలరా అంటే చాలరు. ఒక పిల్లవాడి చీలమండ మెలిపడితే ఒకరు వాడి దగ్గర ఆగిపోవాలి, మిగతా పదిమందిని నడిపించేవారు ఇంకొకరు కావాలి. ఎనిమిది మంది దొరక్కపోతే సగం పిల్లల్ని ఒకరోజు, మిగతా సగాన్ని మరోరోజు తీసుకెళ్లండి. ముగ్గురితో మాత్రం వెళ్లకండి.

ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక. ముందు నడిచే టీచరు వెనకాలే అందరికంటే నెమ్మదిగా నడిచే పిల్లవాణ్ణి పెట్టండి. మామూలుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. చురుకైనవాళ్లు ముందు చేరి కూర్చుంటారు, వెనకవాడు రొప్పుతూ వచ్చేసరికి వాళ్ల విశ్రాంతి అయిపోయి లేస్తారు. వాడికి రోజంతా విశ్రాంతే దొరకదు. మధ్యాహ్నానికి తడబడి పడేదీ వాడే. విరామ సమయాన్ని చివరివాడు కూర్చున్న క్షణం నుంచి లెక్కపెట్టండి.

తలలు లెక్కపెడితే పొరపాటు జరుగుతుంది. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చి, ఎవరి నంబరు వాళ్లే గట్టిగా చెప్పేలా చేయండి. దారి చీలిన ప్రతిచోటా, ప్రతి విరామం తర్వాతా ఇది జరగాలి. ఉబ్బసం, మూర్ఛ, అలర్జీలు, వాడే మందులు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఒకటి మీ దగ్గర, ఒకటి బడిలో ఉండాలి. ఎన్ని గంటలకల్లా మీ ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో బడిలో ఉన్నవారికి తెలిసి ఉండాలి. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ బస్సులో ఉంటే ఉపయోగం లేదు, పిల్లల జేబులోనే ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. తనకిది మొదటి హైకింగ్. కొత్త బూట్లు కొన్నాం. జీన్స్ వేసి పంపొచ్చా? నీళ్లు ఎన్ని పెట్టాలి?
– ఒక తల్లి

జవాబు: ఆ రోజే కొత్త బూట్లు వేస్తే గంటలో మడమ మీద బొబ్బ లేస్తుంది. కనీసం రెండు వారాలు రోజూ తొడిగించి మెత్తబడనివ్వండి. అంత వ్యవధి లేకపోతే అడుగు అరగని పాత బూట్లే మేలు. వేళ్ల ముందు బొటనవేలి మందాన ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు బూటుకి కొట్టుకుని నల్లబడతాయి. ముందు రోజే గోళ్లు కత్తిరించండి. కాల్లో ఎక్కడైనా మంటగా అనిపిస్తే ఆ నిమిషమే ఆగి టీచరుకి చెప్పమనండి. చర్మం ఎర్రబడ్డ దశలోనే అక్కడ టేపు అంటిస్తే బొబ్బ రాదు. ‘నా వల్ల అందరూ ఆగుతారు’ అని పిల్లలు మొహమాటపడతారు, అరగంట తర్వాత అడుగు తీసి అడుగు వేయలేరు. లేచిన చిన్న బొబ్బను మాత్రం పొడవొద్దు.

జీన్స్ వద్దు. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. మంచు పడే చోటే చలి ప్రమాదం అనుకోకండి. తడి బట్టలకి గాలి తోడైతే 10 డిగ్రీల వాతావరణంలోనూ ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడుతుంది. తేలికపాటి పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు వేయండి.

బ్యాగు బరువు ఒంటి బరువులో పదో వంతు దాటకుండా చూడండి. పాప 35 కిలోలుంటే మూడున్నర కిలోలు. అందులో రెండు కిలోలు నీళ్లకే పోతాయి, ఎందుకంటే ఎండలో ఎక్కేటప్పుడు గంటకి దాదాపు అర లీటరు కావాలి. మిగిలిన బరువులో తిండి, వానకోటు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన స్వెటర్, పొడి సాక్సులు, టోపీ, చిన్న టార్చి, విజిల్ పెట్టండి. విజిల్ బ్యాగు అడుగున కాదు, మెడలో ఉండాలి. నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ, మధ్యమధ్య ఉప్పు ఉన్నదేదైనా తినమనండి. గంటల తరబడి చెమటోడ్చి ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక దాని గుర్తులు. సెలయేటి నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగకూడదు. తప్పనిసరైతే తెర్లుతూ ఒక నిమిషం, 2000 మీటర్ల పైన ఎత్తులోనైతే మూడు నిమిషాలు మరగాలి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అడవిలో తప్పిపోతే దారి వెతుక్కుంటూ నడవాలా, ఆగిపోవాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఆగిపోమ్మా. నిన్ను చివరిసారి చూసిన చోటు నుంచే వెతకడం మొదలుపెడతారు. నువ్వు అక్కడికి ఒక కిలోమీటరు లోపల ఉంటే వాళ్లు గాలించాల్సింది సుమారు 3 చదరపు కిలోమీటర్లు. గంటసేపు నడిచి 3 కిలోమీటర్లు వెళ్లిపోయావంటే అది 28 అవుతుంది. అమెరికాలోని శాన్ డియాగో ప్రాంతంలో 1981లో ఒక తొమ్మిదేళ్ల బాబు అడవిలో తప్పిపోయి చనిపోయాక, వెతకడానికి వెళ్లినవాళ్లే పిల్లలకు ఒక పాఠం తయారుచేశారు: తప్పిపోయావని తెలియగానే ఒక చెట్టుని పట్టుకుని దాని దగ్గరే ఉండు. చేతికి ఒక పని, పక్కన ఒక తోడు ఉన్నట్టనిపించి భయం తగ్గుతుంది, కాళ్లు పరుగెత్తవు.

విజిల్ ఊదడానికి పద్ధతుంది. ఒక నిమిషంలో ఆరుసార్లు ఊదు. తర్వాత ఒక నిమిషం ఊదకుండా చెవి పెట్టి విను. మళ్లీ ఆరు. జవాబుగా నిమిషానికి మూడుసార్లు వినిపిస్తే నిన్ను విన్నట్టు. అయినా నువ్వు ఆపకు, ఆ శబ్దాన్ని పట్టుకునే వాళ్లు నీ దగ్గరికి రావాలి. చలి వేయకముందే స్వెటర్ వేసుకుని, నేల మీద కాకుండా బ్యాగు మీద కూర్చో. కొట్టొచ్చినట్టు కనిపించే రంగు బట్ట ఏదైనా ఉంటే పైకి కనిపించేలా కట్టు.

తిడతారేమోనని, కొత్త మనుషులని, వెతికేవాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నా దాక్కున్న పిల్లలు ఉన్నారు. నువ్వు అలా చేయకు. ఎవరూ తిట్టరు. ఇంకో మాట. ఒంటికి వెళ్లాల్సి వస్తే చివర నడిచే టీచరుకి చెప్పి, బ్యాగు దారి పక్కన వదిలి వెళ్లు. బ్యాగు కనిపిస్తే నిన్ను దాటి ఎవరూ ముందుకెళ్లరు.

ప్రశ్న: కొండ మీద ఉండగా ఉరుములు మొదలైతే పిల్లల్ని చెట్టు కింద నిలబెట్టొచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఒంటరి చెట్టు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. 30 సెకన్లయితే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అది దగ్గరే. అప్పుడే దిగడం మొదలుపెట్టండి. గట్టి భవనంలోకో, అద్దాలు మూసిన బస్సులోకో చేరి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. వాన వెలిసింది కదా అని ముందే బయటికి రాకండి.

దిగే వీలు లేకపోతే కొండ కొన మీద నుంచి పక్కకు తప్పుకోండి. ఇనుప కంచెల దగ్గరికి, లోతులేని గుహల్లోకి, వేలాడే బండ కిందికి పోకండి. పిల్లల్ని గుంపుగా ఉంచకుండా ఒక్కొక్కరి మధ్య కనీసం 15 మీటర్ల ఎడం పెట్టండి, ఒక్క పిడుగుకి అందరూ పడిపోకుండా. పాదాలు రెండూ ఒకదానికొకటి ఆనించి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. పిడుగు విద్యుత్తు నేల మీదుగా పాకుతుంది, నేలను తాకే రెండు చోట్ల మధ్య ఎంత దూరముంటే ఒంట్లోకి అంత ఎక్కువగా వస్తుంది. ఇలా కూర్చుంటే రక్షణ దొరికినట్టు కాదు, ప్రమాదం కొంత తగ్గుతుంది, అంతే.

పిడుగు తగిలినవారిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఊపిరి ఆగినవారికి వెంటనే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 30 నొక్కులకి రెండు శ్వాసలు. చాలామందికి తగిలితే ముందు కదలకుండా పడి ఉన్నవారి దగ్గరికే వెళ్లండి. మూలుగుతున్నవారు కాసేపు ఆగగలరు.

ప్రశ్న: పొద్దున దాటిన వాగు సాయంత్రానికి పెరిగింది. తాడు పట్టుకుని దాటించొచ్చా?

జవాబు: పిల్లవాడి మోకాలు దాటే వేగమైన నీళ్లలోకి ఎవరినీ దింపొద్దు, తాడున్నా సరే. కాలు జారితే ఆ తాడే చుట్టుకుని నీళ్లలో ముంచుతుంది. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైన ఎక్కడో పడ్డ వాన నీళ్లు తెస్తుంది. 2008 ఏప్రిల్లో న్యూజిలాండ్‌లోని మాంగటెపోపో లోయలో అలా ఉప్పొంగిన వాగు ఆరుగురు విద్యార్థులనీ ఒక టీచరునీ బలితీసుకుంది. వాన లేకుండానూ నీళ్లు రావచ్చు. 2014 జూన్ 8న బియాస్ నదిలో ఎగువ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లలో 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. కాబట్టి ఎగువన ఆనకట్ట ఉంటే పొడిగా కనిపించే రాళ్ల మీదికి కూడా ఫొటోల కోసం దిగనివ్వకండి.

నీటి అంచున ఒక రాయి పెట్టి పది నిమిషాలకోసారి చూడండి. రాయి మునిగిందా, నీళ్లు బురదగా మారాయా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయా, ఒడ్డు నుంచి దూరంగా పైకి జరగండి. చిన్న వాగులు వాన ఆగిన కొన్ని గంటల్లోనే తగ్గుతాయి. అప్పటిదాకా ఆగండి. అందుకే అదనపు తిండీ టార్చిలూ ఉండాలి. తగ్గాక దాటేటప్పుడు బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే బ్యాగు వదిలించుకోవచ్చు. బూట్లు మాత్రం విప్పొద్దు. కొట్టుకుపోతే నిలబడాలని చూడకూడదు, పాదం రాళ్లలో ఇరుక్కుంటుంది. వెల్లకిలా తిరిగి కాళ్లు ముందుకి చాపి ఒడ్డువైపు జరగాలి.

ప్రశ్న: ఎండకి పిల్లవాడు సొమ్మసిల్లితే కిందికి మోసుకెళ్లాలా, అక్కడే ఉంచాలా?

జవాబు: మాట్లాడించి చూడండి. తలనొప్పి, వాంతులు, కండరాల పట్టివేత ఉన్నా సరిగ్గా జవాబు చెబుతుంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా పెట్టి ఓఆర్ఎస్ తాగించండి. లేకపోతే లీటరు నీళ్లకి తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడే, కొలత తప్పొద్దు. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం చాలామంది చేసే తప్పు. నడిచి అలసినవాళ్లలో చెమట ఉంటూనే వడదెబ్బ తగులుతుంది. సాయం కోసం ఫోను చేయిస్తూనే, ముందు అక్కడే చల్లబరచండి. ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసరండి, మెడకీ చంకలకీ గజ్జలకీ తడిగుడ్డలు పెట్టండి. పూర్తి స్పృహ లేనివారికి నోట్లో ఏమీ పోయకండి. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

ప్రశ్న: తేనెటీగలు, పాములు?

జవాబు: తేనెటీగలు లేస్తే చొక్కాతో ముఖం కప్పుకుని పరుగెత్తడమే. చేతులతో కొట్టొద్దు, నీళ్లలో దూకొద్దు, అవి పైనే కాచుకుంటాయి. ముళ్లని గోటితోనైనా వెంటనే లాగేయండి, ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా పడుకోబెట్టి, అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను ఉంటే తొడ బయటివైపు పొడవండి. పడుకుంటే ఊపిరి మరీ ఆడకపోతే కూర్చోబెట్టండి. నడిపించొద్దు.

పాము కరిస్తే బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కాలికి కర్రతో కట్టు కట్టి కదలకుండా మోసుకెళ్లాలి. కరిచిన సమయం రాసిపెట్టుకోండి. పాముని పట్టబోయి ఇంకొకరు కరిపించుకోవద్దు.

ప్రశ్న: కొండ మీద సిగ్నల్ ఉండదు కదా, ఫోను ఎందుకు?

జవాబు: సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కనీసం రెండు ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఛార్జింగ్ కాపాడండి. మాట కలవని చోట కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి వెళ్తుంది. అందులో అక్షాంశ రేఖాంశాలు, ఎంతమందికి ఏ గాయం, మొత్తం ఎంతమంది ఉన్నారు, సమయం రాయండి. సందేశం వెళ్లిన చోటు నుంచి ఆ ఫోను కదలకూడదు, తిరిగి వచ్చే కాలు కూడా అక్కడే అందుతుంది.