నొప్పి లేకపోయినా ఆ మాత్ర వేయించండి

మీ నాన్నగారికి మణికట్టు విరిగిందని, కర్నూలులో చెయ్యి మాత్రమే మొద్దుబారేలా సూది వేసి, ప్లేటు బిగించి సాయంత్రానికే ఇంటికి పంపుతామన్నారని రాశారు. మెలకువగా ఉంటే నొప్పి తెలియదా అని మీ భయం. రెండేళ్ల కిందట నాకూ అక్కడే ఇదే ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌లో నొప్పి తెలియలేదు. నేను బాధపడింది ఆ రాత్రి, అదీ నా పొరపాటు వల్ల.

మత్తు డాక్టరు కాలర్ ఎముక పైన స్కానింగు యంత్రం ఆనించి, తెర మీద నాకూ చూపించారు. చేతికి వెళ్లే నరాలన్నీ అక్కడ ద్రాక్షగుత్తిలా కనిపిస్తాయి. వాటి చుట్టూ మందు ఎక్కించారు. ముందు అరచెయ్యి వెచ్చబడింది, తరువాత తిమ్మిరెక్కింది, 20 నిమిషాలకు బొటనవేలు కదపమంటే కదలలేదు. స్పిరిట్ దూది రాసి, చల్లదనం తెలియడం లేదని నేను చెప్పాకే లోపలికి తీసుకెళ్లారు. నర్సు చేతిని పైకెత్తి శుభ్రం చేస్తుంటే, నా చెయ్యి ఇంకా పొట్ట మీదే ఉన్నట్టుంది. కళ్లెదుట ఉన్నది ఎవరి చెయ్యో అనుకున్నాను. డ్రిల్లు శబ్దం వినిపించింది, లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలిసింది. ఈ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పండి. లేకపోతే ఆ లాగుడుకే మత్తు పనిచేయలేదని కంగారు పడతారు.

వాంతులేమీ లేవు. ఇడ్లీ తిని, సాయంత్రం కారులో ఆదోని చేరాం.

రాత్రి 9 గంటలకు, నొప్పి మొదలు కాకముందే, మాత్ర వేసుకోమని రాసిచ్చారు. చెయ్యి మొద్దులా పడి ఉంది, నొప్పే లేనప్పుడు మాత్ర ఎందుకని పక్కన పెట్టాను. 2 గంటలకు మెలకువ వచ్చేసరికి మణికట్టులో నిప్పులు పోసినట్టుంది. అప్పుడు మింగిన మాత్ర పనిచేసేదాకా ప్రాణం పోయినంత పనైంది. తెల్లవార్లూ మా ఆవిడ నా చేతిని దిండు మీద ఎత్తి పట్టుకుని కూర్చుంది. ఆ మత్తు కొందరికి 8 గంటల్లో, కొందరికి మరుసటి ఉదయానికి వదులుతుంది. వదిలేటప్పుడు నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. డాక్టరు చెప్పిన వేళకు అలారం పెట్టి మరీ మాత్ర వేయించండి.

మొద్దుబారిన చేతికి వేడి పాలగ్లాసు తగిలినా తెలియదు, చేతిని మెడకు వేలాడదీసే పట్టీ (స్లింగు) తీయనివ్వకండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా, ఆస్తమా ఉన్నా మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ సూదితో ఆ పక్క ఊపిరి తీసే కండరం కొన్ని గంటలు బలహీనపడవచ్చు. ఆయాసం వచ్చినా, వేళ్లు నీలంగా మారినా, కట్టు బిగుసుకున్నట్టున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. మరుసటి సాయంత్రానికీ మొద్దు వదలకపోతే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి. మీ ఊరు దూరమైతే ఆ ఒక్క రాత్రి కర్నూలులోనే బంధువుల ఇంట్లో ఉండండి. ఆదోనిలో ఆ రాత్రి నాకు ఆసుపత్రి 100 కిలోమీటర్ల దూరంలో ఉంది.