బేస్‌మెంట్‌లో వైఫై అందట్లేదా? పాత రౌటర్ బయటికి తీయండి

అమెరికాలో టౌన్‌హౌస్‌లోకి దిగినవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది. ఇంటర్నెట్ తెచ్చే కోయాక్స్ తీగ (కేబుల్ టీవీ తీగే) పై అంతస్తులో ఓ మూలకి వస్తుంది, గేట్‌వే (ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే మోడెమ్-రౌటర్ డబ్బా) అక్కడే పెడతారు. కింద బేస్‌మెంట్‌లో అమ్మానాన్నలకి ఇచ్చిన గదిలో వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వస్తుంది. మెష్ సెట్ (ఇల్లంతా వైఫై పరిచే రెండు మూడు రౌటర్ల జట్టు) కొనేముందు పాత రౌటర్‌తో ప్రయత్నించండి. ఇండియా నుంచి తెచ్చుకున్నదైనా పర్లేదు. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉంటే పిన్ కన్వర్టర్ ఒక్కటి చాలు. డబ్ల్యూపీఏ2 (వైఫైకి రక్షణ ఇచ్చే పద్ధతి) లేనంత పాతదైతే మాత్రం వాడకండి.

వెనక రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి 10 సెకన్ల పైన నొక్కి పట్టండి. ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, కేబుల్‌ని పాత రౌటర్ ల్యాన్ పోర్టుకి (ఇంట్లో పరికరాలు తగిలించేది) తగిలించి, అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్ తెరవండి. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (ఉన్న నెట్‌వర్క్‌నే వైఫైగా పంచేది) కనిపిస్తే అదృష్టమే, అది ఎంచుకుని వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇస్తే సరి.

అది లేకపోతే ఈ వరస తప్పకండి. ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మెయిన్ గేట్‌వేకి ఉన్నట్టే పెట్టండి. తర్వాత ల్యాన్ ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో రౌటర్ అడ్రస్) మార్చండి: గేట్‌వే 10.0.0.1 అయితే దీనికి 10.0.0.2. గేట్‌వే పంచే అడ్రసులు 10.0.0.10 నుంచి మొదలయ్యేలా దాని సెట్టింగుల్లో సర్దండి, లేకపోతే అదే నంబరు ఏ ఫోనుకో వెళ్లి రెండూ కొట్టుకుంటాయి. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపడం ఆఖరున, కొత్త అడ్రస్‌తో సెట్టింగులు మళ్లీ తెరిచి. ముందే ఆపితే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ దొరక్క మళ్లీ రీసెట్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

ఇప్పుడు గేట్‌వే ల్యాన్ నుంచి పాత రౌటర్ ల్యాన్‌కి కేబుల్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మోడ్ మార్చకుండా వ్యాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ వచ్చేది) గుచ్చితే ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. కానీ కింద వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. కింది ఫోనుకి పైనున్న ప్రింటర్ కనబడదు, టీవీకి కాస్ట్ చేద్దామన్నా దొరకదు.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ ఆటోలో వదలకండి. పైన 1 ఉంటే కింద 6 గానీ 11 గానీ, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఇండియా రౌటర్ ఆటోలో ఉంటే 12, 13కి పోవచ్చు. అమెరికాలో కొన్న ఫోన్లు చాలావాటికి ఆ ఛానెళ్లు కనిపించవు, వైఫై మాయమైందనుకుంటారు.

నెట్‌వర్క్ కేబుల్ క్యాట్5ఈ రకం చాలు. పాత పోర్టు 100 మెగాబిట్లదైనా వీడియో కాల్‌కీ టీవీకీ ధారాళం. అద్దె ఇంట్లో గోడకి బెజ్జం పెట్టలేం కాబట్టి ఫ్లాట్ కేబుల్ బేస్‌బోర్డు వెంట లాగండి. కింద కూడా కోయాక్స్ సాకెట్ ఉంటే మోకా అడాప్టర్ల (కోయాక్స్ తీగ మీదే నెట్‌వర్క్ పంపేవి) జత ఇంకా నయం. పాత రౌటర్‌ని తీగ లేకుండా రిపీటర్‌గా (వైఫై అందుకుని మళ్లీ పంపేలా) పెట్టడం నా లెక్కలో చివరి దారి: ఒకే రేడియో వినాలి, మళ్లీ చెప్పాలి, వేగం దాదాపు సగమవుతుంది. అలా పెట్టక తప్పకపోతే సిగ్నల్ లేని గదిలో కాదు, మెట్ల దగ్గర, సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్నచోట పెట్టండి.

అన్నీ అయ్యాక కూడా కిందికి దిగిన ఫోను పై సిగ్నల్‌నే పట్టుకు వేలాడుతుంటే, గేట్‌వేలో 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిట్ పవర్ (సిగ్నల్ పంపే బలం) ఒక మెట్టు తగ్గించండి.